గాలి పోతాంది

అరవై నాలుగు ఏప్రిల్‌లో, పొద్దున పదకొండు గంటలకు, కొల్లాపూర్ అవతల కంకర మైదానంలో మా లారీ ఆగింది. రెండు గుడారాలు, ఒక రేకుల షెడ్డు. చెట్టన్నది లేదు. నా సామాను ఒక ట్రంకు పెట్టె, పానాల సంచి, నీళ్ల సీసా. పెట్టె గొళ్లెం ఊడిందని మా నాయిన దాన్ని ఎర్ర నూలుతో నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు. మాది నారాయణపేట, మగ్గం ఇల్లు. పటాలంలో నేను ఇంజన్ ఫిట్టర్‌ని.

షెడ్డులో విమానం ఉంది. కొన్నది కాదు. మా కెప్టెన్, వడ్రంగి హవల్దారు కలిసి రెండేళ్లు సెలవులు మానుకుని చేసుకున్నది. కర్ర రెక్కలు, వాటి మీద గుడ్డ, ఏదో పాత విమానం నుంచి విప్పిన నాలుగు సిలిండర్ల ఇంజన్. ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు. పైనుంచి వచ్చిన ఆర్డరు ఒక్కటే. మే నెల ఆఖరుకల్లా ఇద్దరు మనుషులతో, నడి ఎండలో, నలభై నిమిషాలు ఎగరాలి. లేదంటే విప్పి తుక్కుకు పంపాలి. హవల్దారు ఆ కాగితాన్ని గుడారం గుంజకు మేకు కొట్టి తగిలించాడు.

ఎగిరితే ఎగిరేది. పన్నెండో నిమిషానికి వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటేది. ఈ ఇంజన్‌కు నీళ్లుండవు, గాలే చల్లార్చాలి. ముక్కు దగ్గరి రెండు రంధ్రాల్లోంచి వచ్చిన గాలి సిలిండర్ల సందుల్లోంచి కిందికి దిగి, పొట్ట కింద బయటపడాలి. "గాలి చాలట్లేదు, రంధ్రాలు పెద్దవి చేద్దాం" అన్నాడు కెప్టెన్. రెండు రోజులు రేకు కోశాం. ఈసారి తొమ్మిది నిమిషాలకే దాటింది. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి కెప్టెన్ లోపల కూర్చుని ఇంజన్ నడిపిస్తున్నాడు. నేను ఇంజన్ మూత వెనక అంచు దగ్గర చెయ్యి పెట్టాను. చల్లగాలి కొట్టింది. వేడి ఇంజన్ మీదుగా వచ్చిన గాలి చల్లగా ఎలా ఉంటుంది? గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకులను మేము తడకలు అనేవాళ్లం. ఆ తడకలకూ పై మూతకూ మధ్య వేలు పట్టే సందు ఉంది. గాలంతా అందులోంచి దొంగదారిన జారిపోతోంది. రంధ్రం పెద్దది చేసి మేం దొంగకు ఇంకో తలుపు తీశాం.

వైర్‌లెస్ ఆపరేటరు యాదగిరిగుట్ట దగ్గరివాడు, సెట్టు ముందు కూర్చున్నాడు. ఆ హోరులో అతనికి అరిచి చెప్పాను. "సాబ్‌కు చెప్పన్నా, గాలి పోతాంది!"

"గాలి పోతాంది సాబ్" అని అతను సెట్టులో చెప్పాడు.

కెప్టెన్ సాబ్‌ది తెనాలి. గాలి బాగా ఆడుతోందని అనుకున్నాడు. ఆయన ఇంజన్ ఆపుతాడని నేను పక్కకు జరిగాను. ఆయన మైదానం చివరికి నడిపించుకుపోయి, గాల్లోకి లేచాడు.

ఏడో నిమిషంలో సెట్టు పలికింది. "పొగ వస్తోంది. గాలి పోతోందన్నారుగా!"

నేను సెట్టు లాక్కుని అరిచాను. "పక్కకు పోతాంది సాబ్! ఇంజన్‌కు తాకుతలేదు! దిగున్రి, జర జల్ది దిగున్రి!"

ఇంజన్ గాల్లోనే ఆగిపోయింది. కోసిన జొన్నచేలో దించాడు. మేం మైలు దూరం పరిగెత్తాం. చక్రం ఒకటి విరిగింది, ఆయన నుదురు చిట్లింది.

"తప్పు నాది సాబ్. సగం మాట చెప్పిన" అన్నాను.

ఆయన నెత్తురు తుడుచుకున్నాడు. "గాలి కాదయ్యా, నేను పోయేవాణ్ణి" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

"గీ పోతాంది అనే మాట ఇగ బంద్" అన్నాడు హవల్దారు. షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రెండు మాటలు రాశాడు. దిగుతాంది అంటే మంచిది. లీకైతాంది అంటే చెడ్డది.

విరిగిన చక్రం బాగుచేసి, ఆగిన ఇంజన్ విప్పి బిగించి, పెద్దవి చేసిన రంధ్రాలను మళ్లీ రేకుతో తగ్గించాం. లారీ ట్యూబు కోసి, పట్టీలు చేసి, తడకల అంచులకు బిగించాం. గాలి ఒత్తితే పట్టీ మూతకు అతుక్కోవాలి. కింద గాలి బయటపడే చోట, అది గాలిని బయటికి లాగేలా, రేకు అంచును అంగుళం కిందికి వంచాం. ఎక్కడ లీకవుతోందో చూడాలంటే ఏదైనా తేలికది కావాలి. నా పెట్టె నూలు విప్పాను. వేలెడు పోగులు కోసి అతుకుల వెంట అంటించాను. ఇంజన్ నడిపితే, పోగు ఎగిరిన చోటల్లా సందు. మూసేవాళ్లం, మళ్లీ నడిపేవాళ్లం. అట్లా పదకొండు రోజులు. ఎండకు పానా పట్టుకుంటే అరచెయ్యి కాలేది.

మే ఆఖరి వారం, మధ్యాహ్నం మూడు గంటలు. "రెండో మనిషి ఎవరు?" అన్నాడు కెప్టెన్.

"నేనే సాబ్. సగం మాట చెప్పిన నోరు గిది. గిదే ఎక్కాలె."

నేనెన్నడూ గాల్లోకి లేచినవాణ్ణి కాదు. విమానం అడుగున, నా కాళ్ల దగ్గర అరచెయ్యంత కంత కోయించుకున్నాను. సణుగుతూనే కోశాడు హవల్దారు. గాలి బయటపడే అంచుకు మూడు ఎర్ర పోగులు అంటించాను. కంతలోంచి అవి కనిపిస్తాయి; గాలి దిగుతున్నంతసేపూ తిన్నగా సాగి ఉంటాయి.

లేచాం. పోగుల మీంచి కన్ను తీయలేదు. ఐదు నిమిషాలకోసారి కెప్టెన్ అడిగేవాడు, నేను "దిగుతాంది" అనేవాణ్ణి. పద్దెనిమిదో నిమిషంలో ముల్లు ఎర్రగీతకు వెంట్రుకవాసిలోకి వచ్చింది.

"ఏం చేద్దాం? దిగనా?"

"దిగుతాంది సాబ్! మీరు దిగకున్రి!"

ఆయన పళ్లు బిగించి నడిపాడు. ముల్లు అక్కడే కాసేపు వణికి, మెల్లగా వెనక్కి జరిగింది.

సెట్టులో ఆపరేటరు అరిచాడు. "నలభై! సాబ్, నలభై అయినయి! దిగున్రి ఇగ!"

మేం నేల తాకేసరికి గుంజకున్న కాగితం హవల్దారు చేతిలో ఉంది. అప్పటికే చింపేశాడు.

జూన్‌లో సెలవు మీద ఇంటికి వచ్చాను. పెట్టెకు తాడు చూసి మా నాయిన అడిగిన మొదటి మాట: "నూలేదిరా?"

జేబులోంచి ఆ మూడు పోగులు తీసి ఇచ్చాను. వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మసి పట్టింది. గని కాలలె" అని మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయనకు నూలు సంగతే తెలుసు. నేను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఇన్నేళ్లయినా కళ్లు మూస్తే అదే కంత. చాలా కింద ఎండిన కృష్ణా నది ఇసుక. దాని మీదుగా మూడు ఎర్ర పోగులు, వణక్కుండా, తిన్నగా.