వంతెన కింద బువ్వ

మా వాడకట్టులో అంగన్‌వాడీకి కొత్త గది కడుతున్నారు. నిన్న పొద్దున అటుగా పోతుంటే స్లాబు మీద పరిచిన తడి గోనెసంచుల వాసన తగిలింది. తడిసిన జనుము, పచ్చి సిమెంటు కలిసిన వాసన. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నర్సింలు సారు వెనక నుంచి "బాలవ్వా, నీళ్లు పట్టినవా?" అని పిలిచినట్టే అనిపించింది.

నర్సింలు సారుకు సిద్దిపేటలో చిన్న ఇంజినీరింగు కంపెనీ ఉండేది. పల్లె తొవ్వల మీద వంతెనలు కట్టేవాడు. కొత్త కాంక్రీటు ఎండకు పగలకుండా దాని మీద నీళ్లు పట్టడం నా పని. మా ఆయన భివండీలో మగ్గం మీద ఉండేవాడు, పంపేది అంతంతే, ఇల్లు నడిచేది నా కూలితోనే. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు.

సద్ది తినే వేళకు సారు మా మధ్యే కూర్చునేవాడు. ఆయన మాటలన్నీ తొవ్వల గురించే, బేరాల గురించే. ఒకనాడు నన్ను అడిగాడు: "బాలవ్వా, మీ టమాటకు ధర ఎవలు చెప్తరు?"

"ఇంకెవలు, సేటే."

"నువ్వెందుకు చెప్పవు?"

"నేను చెప్తే ఎవడింటడు సార్?"

"తొవ్వ లేనోళ్ల మాట ఎవడూ ఇనడు. వాగొచ్చిన్నాడు మీ ఊరు తలుపేసిన ఇల్లే. సేటు వచ్చిందే అంగడి, ఆయన చెప్పిందే ధర. వంతెన పడ్డదనుకో, నువ్వే ఆటోలేసుకొని సిద్దిపేట పోతవు. ఒకడు గిట్టదంటే ఇంకోని కాడికి పోతవు."

మేస్త్రీ మల్లయ్య నవ్వాడు. "గవర్నమెంటుకు గీ ఆలోచన ఉంటే మనకీ బాధలెందుకు సార్?"

"గవర్నమెంటును తిట్టుడు అల్కగనే ఉంటది మల్లయ్యా. అది ఇచ్చిన పని నువ్వెట్ల చేస్తున్నవో ముందుగాల గది చెప్పు."

ఆయన దగ్గర ఒక రివాజు ఉండేది. స్లాబు గట్టిపడేదాకా కింద నుంచి మోసే కర్రలను, రేకులను సెంట్రింగ్ అంటారు. అది విప్పిన రోజు అందరికీ వంట చేయించి, కొత్త స్లాబు కిందనే విస్తర్లు వేయించేవాడు. మొదటి విస్తరి తనదే, నట్టనడుమ. కట్టినవాడు కింద కూర్చుంటేనే పైన పోయేవాడికి ధైర్యం అనేవాడు.

కొండపాక దిక్కు ఒక వాగు మీద వంతెన కడుతున్నప్పుడు ఆ రివాజే మా మెడకు చుట్టుకుంది. స్లాబు ఇంకా పచ్చిగానే ఉంది. ఆకాశం మబ్బు పట్టింది. మధ్యాహ్నం జీపులు వచ్చి ఆగాయి. ఊరి లీడరు, ఆయన వెనక ఇంజినీరు, ఆ వెనక ఆటోలో పేర్లు చెక్కిన శిలాఫలకం.

"రేపే ఓపెనింగ్. పెద్దసారొస్తున్నడు. కర్రలు పీకిపియ్యి" అన్నాడు లీడరు.

"స్లాబు పచ్చిగున్నది. ఇప్పుడు విప్పితే నిలవదు."

"నర్సింలూ, నీకు మళ్ల పనులు కావాల్నా, వద్దా?"

చూస్తుండగానే ఊరివాళ్లు పోగయ్యారు. వాళ్లూ లీడరు వైపే మాట్లాడారు. "వానలొస్తున్నయి సార్. వాగొస్తే పంటంతా కుళ్లిపోతది. పోనియ్యుండ్రి." మల్లయ్య సారు చెవి దగ్గరికి వంగాడు. "ఒప్పుకోండ్రి సార్. పనులు పోతే మా పొయ్యిలెట్ల మండాలె?" మల్లయ్య అడిగింది నా మనసులో మాటే. చేతిలో పైపు నుంచి నీళ్లు నా కాళ్ల మీదే పోతున్నా తెలియలేదు.

సారు మా ముఖాల వంక ఒకసారి చూశాడు. "సరే, విప్పుదాం. బాలవ్వా, విస్తర్లు పర్వు."

కర్రల సందుల్లో నేల ఊడ్చి విస్తర్లు పరిచాను. సారు నడుమ విస్తరి ముందు కూర్చుని లీడరును, ఇంజినీరును పిలిచాడు. "రాండ్రి, నా పక్కకు కూసోండ్రి. మనం తింటుంటే మల్లయ్య కర్రలు విప్పుతడు. పైకెళ్లి కంకర లారీ పోతది."

"పరాచికాలా?"

"రేపు పైకెళ్లి పోయేది బడిపిల్లల బస్సు. ఇయ్యాల కింద మనం కూసుంటే ఏమైతది?"

ఎవరూ కదలలేదు. "మల్లయ్యా, కొట్టు" అన్నాడు సారు. మల్లయ్య సుత్తి ఎత్తాడు కానీ దించలేకపోయాడు. "సార్, మీరు లేవుండ్రి" అన్నాడు.

"కొట్టుమన్న గదా!"

సుత్తి మొదటి కర్రకు తగిలింది. పైనుంచి ఇసుక జలజల రాలి సారు విస్తరిలో పడింది. ఇంజినీరు వెనక్కి దుమికి "ఆపు, ఆపు!" అని అరిచాడు. తర్వాత ముఖం తుడుచుకుని లీడరుతో, "వానని చెప్పి వాయిదా వేద్దాం సార్" అన్నాడు.

లీడరు విస్తరిని కాలితో తన్నాడు. "ఇగ ఈ దిక్కు నీకు పనెట్లొస్తదో నేనూ చూస్త."

అన్నట్టే చేశాడు. వంతెన గట్టిపడ్డాక దాని కింద బువ్వ తిన్నాం, కానీ ఆ తర్వాత సారుకు పనులు తగ్గాయి. మల్లయ్య వేరే కంపెనీకి పోయాడు. నేను నాట్లకు పోయాను. ఆఖరి రోజు ఉండబట్టలేక అడిగాను: "గంత పంతమెందుకు పట్టిన్రు సార్?"

"పంతం కాదు బాలవ్వా. వంతెన ఒక్కపారి కూలితే, రేపు మంచి వంతెన కట్టినా జనం దాని మీద భయపడుకుంటనే పోతరు. గా భయం ఎవలు తీస్తరు?"

శిలాఫలకం మీద ఎవరి పేర్లున్నాయని కూడా అడిగాను. "కట్టినోళ్లవి తప్ప అందరియి ఉన్నయి. సదువు నేర్చుకో, నువ్వే చూస్తవు" అని నవ్వాడు.

తల నెరిశాక, మహిళా సంఘం వాళ్లు సాయంత్రాలు నడిపే బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుంటూ చదవడం రాగానే బస్సెక్కి ఆ వంతెన దగ్గరికి పోయాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి రాయంతా చదివాను. సారు పేరు లేదు. ఆ సంగతి చెప్పడానికి అప్పటికి సారూ లేడు. టమాట డబ్బాలతో ఆటోలు దడదడమంటూ వంతెన దాటుతున్నాయి. కిందికి దిగి, ఆయన విస్తరి వేసిన చోట కాసేపు కూర్చుని వచ్చాను.

అంగన్‌వాడీ గది సంగతులు ఇప్పుడు సంఘం తరఫున నేనే చూస్తున్నాను. నిన్న ఆ గోనెసంచుల దగ్గర నిలబడి ఉంటే కాంట్రాక్టరు పిల్లగాడు వచ్చాడు. "అవ్వా, ఎల్లుండి ఓపెనింగ్. రేపు సెంట్రింగ్ తీస్తున్నం. పని మంచిగున్నదని నువ్వొక సంతకం పెట్టాలె."

ఇవాళ పొద్దున్నే సద్దిగిన్నె తీసుకుని పోయాను. స్లాబు కింద, కర్రల నడుమ చాప పరిచాను.

"పెడ్త బిడ్డా. ముందుగాల ఇట్ల వచ్చి నా పక్కకు కూసో. మనం తింటుంటే వాళ్లు కర్రలు విప్పుతరు."

పిల్లగాడు నా ముఖం చూశాడు. తలెత్తి స్లాబును చూశాడు.

"ఇంకొన్ని దినాలు ఆగుదమా అవ్వా?"

సద్దిగిన్నెకు మూత పెట్టి, నీళ్ల పైపు అందుకున్నాను.