వంటింట్లోంచి విన్న పడవ సీరియల్

మా పెద్ద తోడికోడలు పోయిందని బుధవారం పొద్దున ఫోనొచ్చింది. ఫోను మోగితే చాలు, ఎవరికేమైందోనని గుండె దడదడలాడే మనిషిని నేను. రాంగ్ నంబరైనా సరే, ముందు దేవుడికి దండం పెట్టుకునే ఎత్తుతాను. అలాంటిది ఆ రోజు మాత్రం గ్యాసు బండ వాళ్ళేమో అనుకుని తడిచేత్తో ఎత్తాను. బాపట్ల నుంచి ఆవిడ కూతురు. "పిన్నీ, అమ్మ వెళ్ళిపోయింది" అంది. అవతల పాలు పొంగి పొయ్యంతా కారిపోయాయి. ఇన్నేళ్ళూ ఊరికే భయపడి, నిజంగా భయపడాల్సిన రోజున మసిగుడ్డ ఎక్కడుందా అని వెతుక్కుంటూ నిలబడ్డాను.

ఆవిణ్ణి నేను అక్కయ్యా అనే పిలిచేదాన్ని. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని, ఇలా కూర్చుని రాసే అలవాటు లేదు. "అమ్మ గురించి నీకు తెలిసినట్టు నాకు కూడా తెలీదు, నువ్వే రాయి పిన్నీ" అని అక్కయ్య కూతురు అంటే మొదలుపెట్టాను. ముందూ వెనకా అయితే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

తెనాలిలో మాది ఒకటే ఇల్లు, రెండు వాటాలు. ముందు వాటా వాళ్ళది, వెనక వాటా మాది, వంటిల్లు మాత్రం మధ్యలో ఇద్దరికీ ఒకటే. నేను కాపరానికొచ్చిన వారానికి మా ఆయన మిల్లు నుంచి రావాల్సిన వేళకి రాలేదు. వర్షం పడుతోంది. నేను గుమ్మంలో నిలబడి ఏడుపు మొదలుపెట్టాను. అక్కయ్య ఉప్మా పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టింది. "ముందు తిను, తర్వాత భయపడదువుగాని. ఖాళీ కడుపుతో భయపడితే నీరసం వస్తుంది" అంది. తిన్నాను. సగం తినేసరికి మా ఆయన సైకిలు నడిపించుకుంటూ వచ్చారు, టైరు పంక్చరట. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఆ మాట ఎన్నిసార్లు అందో! మా అమ్మాయికి పురుడొచ్చినప్పుడు అంది, తుఫానుకి వెనక గోడ కూలినప్పుడు అంది, మా ఆయన పోయిన మూడో రోజునా అంది. ప్రతిసారీ చేతిలో పళ్ళెం ఉండేది.

టీవీ మొదట వాళ్ళ వాటాలోకే వచ్చింది. అప్పట్లో ఆదివారం పొద్దున్నే పిల్లల సీరియల్ ఒకటి వచ్చేది. నలుగురు పిల్లలు. వేటకెళ్ళిన వాళ్ళ నాన్న తిరిగి రాలేదని, ఎవరికీ చెప్పకుండా చిన్న పడవేసుకుని మడ అడవుల్లోకి వెతకడానికి బయల్దేరతారు. తోడుగా పడవ నడిపే ముసలి సరంగు ఒకడు. దానికి అసలు పేరేదో ఉంది, మేం మాత్రం పడవ సీరియల్ అనేవాళ్ళం. మా ఇద్దరి ఆడపిల్లలూ తలకి నూనెలు పెట్టుకుని, ఇంక లోకం లేనట్టు దాని ముందు కూర్చునేవాళ్ళు.

నేను మాత్రం చూడలేకపోయేదాన్ని. మొదటి వారమే పడవ ఒక పక్కకి ఒరిగితే కెవ్వుమని లేచి వంటింట్లోకి వచ్చేశాను. కథ సంగతి సరే, ఆ ఆడుతున్న పిల్లల సంగతేంటి? వాళ్ళకి ఈత వచ్చో రాదో. వాళ్ళమ్మలు ఎలా పంపించారో. ఈ దిగులుతో పప్పు రెండుసార్లు మాడ్చాను. అలాగని ఏమైందో తెలియకుండా ఉండలేను. అందుకని అక్కయ్య ఒక పద్ధతి పెట్టింది. తను టీవీ ముందు పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతూ, జరిగేదంతా గట్టిగా చెప్పేది. నేను వంటింట్లో పొయ్యి వైపు తిరిగి వినేదాన్ని.

"బయల్దేరారే. పెద్దవాడు తెడ్డేస్తున్నాడు."

"చిన్నది ఎక్కడ కూర్చుంది?"

"మధ్యలో."

"అంచుకి లేదుగా?"

"మధ్యలో అన్నానా! నువ్వు పులుసు చూసుకో."

పిల్లలు మాత్రం ఊరుకునేవాళ్ళు కాదు. "పెద్దమ్మా, నువ్వు చెబుతుంటే మాకు మాటలు వినపడట్లేదు" అని మా అమ్మాయి గొడవ. "టీవీలో మాటలు మళ్ళీ వినొచ్చు, మీ అమ్మ పప్పు మాడిస్తే మధ్యాహ్నం ఏం తింటావు?" అని అక్కయ్య కసిరేది.

ఆవిడ పుట్టిల్లు రేపల్లె అవతల, కాలవల వైపు. వాళ్ళ నాన్నకి పడవ ఉండేది. అందుకని సీరియల్లో ఏ చెట్టు కనపడ్డా, ఏ మలుపు కనపడ్డా "ఇది మా వైపే తీశారు" అనేది. "అదిగో, అక్కడే మా నాన్న పడవ కట్టేది" అని టీవీ దగ్గరకెళ్ళి వేలు పెట్టి మరీ చూపించేది. ఆ గాజు మీద ఆవిడ వేలి గుర్తులు తుడవడం నా పని.

తొమ్మిది వారాలు వచ్చింది. పదో వారం దాని బదులు ఇంకేదో పాటల ప్రోగ్రాం వేశారు. ఆ తర్వాతి వారం కూడా అంతే. ఎందుకు ఆపేశారో ఎవరూ చెప్పలేదు. పిల్లలు రెండాదివారాలు ఏడ్చి ఊరుకున్నారు. అక్కయ్య ఊరుకోలేదు. టీవీ వాళ్ళకి కార్డు ముక్క రాసింది. నాకు చదివి వినిపించి మరీ పోస్టు చేసింది. 'అయ్యా, నలుగురు పిల్లల్ని నీళ్ళలో వదిలేసి మీరు పాటలు వేయడం ఏం బాగాలేదు. మా ఇంట్లో ఒకావిడకి నిద్ర పట్టడం లేదు' అని. ఆ ఒకావిడ నేనే. జవాబు రాలేదు. నిజంగానే నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, మా అమ్మాయి అత్తారింటికి వెళ్ళింది, మా ఇద్దరికీ జుట్టు నెరిసింది. బావగారు పోయాక అక్కయ్య బాపట్లలో కూతురి దగ్గరికి వెళ్ళింది. కిడ్నీలు పాడయ్యాయి. మొన్న వేసవిలో ఆ పిల్ల ఫోను చేసింది. "పిన్నీ, మన పడవ సీరియల్ డిస్కుగా వచ్చింది! ఫోనులో చూసి తెప్పించాను. పదకొండు భాగాలట, మనం చూడని రెండూ ఉన్నాయి. అమ్మ నువ్వొస్తేగానీ పెట్టనివ్వనంటోంది. కానీ మా ఇంట్లో డిస్కు మెషిను లేదు."

మెషిను మా అటక మీద ఉంది, పాత చీరలో చుట్టి. రిపేరు షాపుకి తీసుకెళితే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంకా వీటిలో చూసేవాళ్ళున్నారా పిన్నిగారూ?" అన్నాడు. "ఉన్నారండి, బాపట్లలో" అన్నాను. లోపల తుడిచి ఇచ్చాడు. దాన్ని సంచిలో పెట్టి ఒళ్ళో పట్టుకుని రైలెక్కాను. కుదుపుకి ఏమవుతుందోనని దిగేదాకా చేతులు తీయలేదు.

ఆదివారానికి ఒక్క భాగమే చూడాలని అక్కయ్య షరతు. "అప్పుడెలా చూశామో ఇప్పుడూ అలాగే" అంది. అలా ప్రతి ఆదివారం తెనాలి నుంచి వెళ్ళొచ్చేదాన్ని. మొదటి రోజు నేనూ కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. "వంటింట్లోకి వెళ్ళవా?" అని నవ్వింది. "పిల్లలిప్పుడు మనవల్ని ఎత్తే వయసుకొచ్చి ఉంటారు, ఇంక మునగరులే" అన్నాను. అన్నానే గానీ చీర కొంగు నోట్లో కుక్కుకునే చూశాను.

నాలుగో భాగంలో ముసలి సరంగు చనిపోయాడు. చిన్నదాన్ని ఒడ్డుకి నెట్టి తను సుడిలోకి వెళ్ళిపోయాడు.

"అక్కయ్యా, ఊరెళ్ళాడన్నావు!"

"ఎవరు?"

"ఈయనే! ముసలాయన కనపడట్లేదేం అని నేనడిగితే, కూతురికి పురుడట, ఊరెళ్ళాడు అని చెప్పావు!"

అక్కయ్య దుప్పటి మూతికి అడ్డం పెట్టుకుంది. "మరి ఏం చెప్పమంటావే? నువ్వు పొయ్యి దగ్గర ఉన్నావు. నూనె కాగుతోంది. పిల్లలక్కూడా నీకు చెప్పొద్దని సైగ చేశాను."

ఆ రోజు గోరుచిక్కుళ్ళు తుంచే చప్పుడు కాసేపు ఆగిపోవడం, నేను "ఏమైంది?" అనడం, కాసేపటికి మళ్ళీ చప్పుడు మొదలవడం నాకు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళకి పైగా ఆ సరంగు మనవణ్ణి ఎత్తుకుని ఎక్కడో హాయిగా ఉన్నాడనే అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒకటి బయటపడుతూ వచ్చింది. పాము కాటేస్తే ముల్లు గుచ్చుకుందంది. పడవకి పడ్డ చిల్లి సంగతే చెప్పలేదు. పిల్లలు రెండు రోజులు పస్తులున్నప్పుడు అటుకులు తింటున్నారని చెప్పింది. ఉత్త అటుకులు కూడా కాదు, బెల్లం వేసి! నేను తగువుకి దిగితే అక్కయ్య నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకునేది. డిస్కు పెట్టె వెనక ఇదంతా గోదావరి వైపు తీశారని రాసుందని కూతురు చదివితే, "రాసేవాళ్ళకేం తెలుసు, చూసినదాన్ని నేను" అంది.

ఎనిమిదో భాగం చూసిన రోజు, నేను రైలుకి బయల్దేరుతుంటే అక్కయ్య కూతురు వీధి అరుగు దాకా వచ్చింది. "డాక్టర్లు ఇంక ఎక్కువ రోజులు కాదన్నారు పిన్నీ" అంది. దారంతా నాకు ఒకటే ఆలోచన. ఎలా వచ్చిందో చెప్పలేను. ఈ సీరియల్ అయిపోతే అక్కయ్య కూడా పోతుందని. చూడాల్సింది ఇంకా ఉన్నంతకాలం మనిషి ఆగుతుందని. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ మరుసటి ఆదివారం చూడటం అయ్యాక డిస్కు నా సంచిలో పెట్టుకున్నాను. "ఇక్కడ పిల్లలు గీతలు పెడతారు, నా దగ్గరుంటే జాగ్రత్త" అన్నాను. ఆ ఇంట్లో చిన్నపిల్లలెవరూ లేరు. అక్కయ్య నా వైపు చూసింది.

పదో భాగంలో మడ చెట్ల వేళ్ళకి చిక్కుకుని వాళ్ళ నాన్న తలగుడ్డ దొరికింది. "వచ్చే వారం దొరుకుతాడు చూడు" అంది అక్కయ్య. గొంతు సన్నబడిపోయింది, కళ్ళు మాత్రం చిన్నపిల్ల కళ్ళలా ఉన్నాయి.

వచ్చే వారం నేను డిస్కు తీసుకెళ్ళలేదు. మర్చిపోయానన్నాను. ఆ పై వారం కూడా మర్చిపోయానన్నాను. అక్కయ్య చేత్తో దగ్గరికి రమ్మని పిలిచింది.

"మర్చిపోయావా? గ్యాసు కట్టేశానో లేదో అని పొన్నూరు దాకా వచ్చి వెనక్కెళ్ళే మనిషివి. నువ్వు మర్చిపోతావా?"

నేను తల దించుకున్నాను.

"నీ భయం నాకు తెలీదా? సరేలే. నీకెప్పుడు ధైర్యం వస్తే అప్పుడే తే. టిఫిన్ చేసి వచ్చావా?"

లేదన్నాను. కూతుర్ని కేకేసి ఇడ్లీ పెట్టించింది. నేను తింటున్నంతసేపూ పళ్ళెం వైపే చూసింది. అది ఆదివారం. బుధవారానికి లేదు.

ఆవిడకున్న ఒక్క సరదా నేను ఆపాను. ఆ ఆఖరి భాగంలో నాన్న దొరికి ఉంటే, ఆవిడ చూసి వెళ్ళేది కదా. పదకొండు రోజులూ నాకు అదే దిగులు. పెద్దకర్మకి వంటవాళ్ళు పని చేస్తుంటే పక్కన కూర్చుని అదే. ఎవరికి చెప్పుకోను? తప్పు ఇంత చిన్నది, దాన్ని పట్టుకుని ఏడిస్తే నవ్వుతారు. చివరికి అక్కయ్య కూతురికే చెప్పేశాను. "అమ్మకి తెలుసులే పిన్నీ. ఆదివారం రా, మనిద్దరం చూద్దాం" అంది.

వెళ్ళాను. మంచం తీసేశారు, గది పెద్దదైపోయినట్టుంది. నా సంచిలోంచి డిస్కు తీసి ఆ పిల్ల పెట్టింది. నేను కొంగు నోట్లో పెట్టుకోలేదు, కళ్ళు మూసుకోలేదు. పిల్లలు తెల్లారే లేచారు. మడ చెట్ల అవతల దూరంగా సన్నగా పొగ లేస్తోంది. "నాన్నే!" అంది చిన్నది. పడవ తోశారు, ఎక్కారు. ఆ పొగ వైపు తెడ్లు వేస్తున్నారు, వేస్తున్నారు. అంతే. పేర్లు పడటం మొదలైంది.

"ఇదేంటి పిన్నీ, దొరకలేదుగా!" అని ఆ పిల్ల మెషిను దగ్గరికి పరిగెత్తింది. ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. ఇంకేం లేదు. ఫోనులో వెతికి చూస్తే, అక్కడిదాకానే తీశారట. మిగతాది అసలు తీయనే లేదట.

నేను దేనికి భయపడి దాచానో, ఆ ముగింపు అందులో లేనే లేదు. ఆ రోజే చూసి ఉంటే, అక్కయ్య టీవీ వాళ్ళకి ఇంకో కార్డు ముక్క రాయించి ఉండేది నా చేత. నాకు ఏడుపొచ్చింది, మధ్యలో నవ్వూ వచ్చింది. ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆ పిల్ల చివరి ముక్క మళ్ళీ పెట్టింది.

పొద్దుటి నీళ్ళు కదలకుండా పాలలా ఉన్నాయి. తెడ్డు పడ్డచోట మాత్రం ఒక గుండ్రటి అల లేచి మెల్లగా వెడల్పవుతోంది. చిన్నది ఈసారి మధ్యలో లేదు, అంచునే కూర్చుంది. వంగి, చెయ్యి మణికట్టు దాకా నీళ్ళలో పెట్టింది. పడవ వెళుతుంటే ఆ వేళ్ళ వెనక సన్నటి గీత ఒకటి సాగుతూ సాగుతూ చాలా దూరం వచ్చింది.