టూత్‌పేస్టు పూసిన గోడ

హాలుకు రంగులు వేయించాలని మొన్న సామానంతా పక్కగదిలోకి చేరవేశాం. పటాలు, గడియారం, పాత టీవీ స్టాండు తీసేసరికి గోడ నిండా స్క్రూ కన్నాలు బయటపడ్డాయి. వాటి సంగతి నేనే చూస్తానన్నాను. ఈ పని నాకు బాగా వచ్చు. కన్నంలోని ప్లాస్టిక్ ముక్క లాగేసి, అంచుల పెచ్చులు గీకి, దుమ్ము దులిపి, కాసిని నీళ్లు చిలకరించాకే పుట్టీ పెట్టాలి. పొడిగోడ పుట్టీలోని తడినంతా పీల్చేస్తుంది, పుట్టీ కాస్తా రాలిపోతుంది. లోతైన కన్నమైతే ఒకేసారి కూరకూడదు, ఒక పొర ఆరాకే ఇంకొకటి. ఆ తర్వాతే గరుకు కాగితం. నేను తన్మయంగా కూరుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "టూత్‌పేస్టు తెమ్మంటారా?" అంది. నవ్వాను గానీ చెయ్యి ఆగిపోయింది.

పెళ్లయిన కొత్తలో మేం సామర్లకోటలో ఒక మేడ మీద వాటాలో ఉండేవాళ్లం. ఇంటిగలావిడది కిరాణా కొట్టు కుటుంబం, అందరం మామ్మగారు అనేవాళ్లం. ఆవిడ షరతు ఒక్కటే, గోడకి మేకు దిగకూడదు. నేను ఆవిడకి తెలియకుండా ఒక అద్దం, రెండు బల్లచెక్కలు బిగించాను. బదిలీ మీద ఖాళీ చేస్తూ, తెల్ల గోడకి తెల్ల టూత్‌పేస్టు కూరి బొటనవేలితో నున్నగా రాశాను. మామ్మగారు చూసి, "అద్దెకుండేవాళ్లంటే మీరయ్యా!" అని మెచ్చుకుని పొట్లంలో జీళ్లు కట్టిచ్చారు. సిగ్గు లేకుండా దారంతా తిన్నాను.

ఆ వాటా మా ఆఫీసులోనే పనిచేసే నా జూనియర్‌కి ఇప్పించాను. సముద్రం మీద చేపలు పట్టే కుటుంబంలో పుట్టి ఉద్యోగానికి వచ్చినవాడు. మామ్మగారు తటపటాయించి, "మీ మాట మీద ఇస్తున్నాను" అన్నారు. వానలు పడ్డాయి. గోడ చెమ్మకి పేస్టు మెత్తబడి, దాని తీపికి చీమలు బారులు కట్టి, కన్నాలన్నీ బయటపడ్డాయట. మామ్మగారు ఫోన్ చేశారు. "వలలు ఆరేసుకోడానికి గోడంతా పొడిచేశారయ్యా! పుట్టుబుద్ధులు ఎక్కడికి పోతాయి?" ఫైళ్లు చూసుకునేవాడు మేడ మీద వలలెందుకు ఆరేస్తాడు? అది నాకు తెలుసు, కన్నాలు ఎవరివో కూడా తెలుసు. "అలాగాండీ" అని ఊరుకున్నాను. అతనూ భార్యా ఖాళీ చేయాల్సొచ్చింది. గోడలు పాడుచేసి వెళ్లగొట్టించుకున్నాడని ఆఫీసులో ఈరోజుకీ అతని గురించి చెప్పుకుంటారు. అది అబద్ధం. ఆ కన్నాలు నావి.

మొన్న పుట్టీ ఆరేలోగా అతనికి ఫోన్ చేసి ఇదే చెప్పాను.

"నాకు తెలుసు గురువుగారూ. మీరు ఆ వాటాలో ఉండగా భోజనానికొచ్చినప్పుడు గోడకున్న ఆ అద్దంలోనే కదండీ తల దువ్వుకున్నాను. మీరే చెప్తారని చూశాను."

"నువ్వే చెప్పేయాల్సింది."

"నేను చెప్తే నమ్ముతారా అండీ?"

మర్నాడు సామర్లకోట వెళ్లాను. మామ్మగారికి నడక తగ్గింది గానీ గొంతు తగ్గలేదు. విషయం విని, "పళ్లు తోముకునే పేస్టా! ఓరి నీ అసాధ్యం కూలా!" అని పడీపడీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. "ఆ పిల్ల వెళ్లేరోజు ఇల్లంతా కడిగి, గడపకి పసుపు రాసి మరీ వెళ్లిందయ్యా. తాళాలు ఇస్తుంటే నేను మొహం తిప్పుకున్నాను." నా వైపు చెయ్యి చాచి, "ఫోను కలుపు. వాళ్లావిడకి ఇమ్మను" అన్నారు.

అతనికి కలిపి, వాళ్లావిడకి ఇప్పించి, మామ్మగారి చేతికిచ్చాను. అవతలి నుంచి "ఎవరండీ?" అని వినబడింది. "సామర్లకోట మామ్మనమ్మా" అన్నారు ఆవిడ. చెవికి ఫోను ఆనించుకుని కూర్చున్న ఆవిణ్ణి చూస్తూ నిలబడ్డాను. నేను చెప్పకుండా దాచింది ఒక్క నిమిషం మాట, దానివల్ల పోయిన ఏళ్లు మాత్రం వాళ్లవి.