మరక అని రాసింది నేనే

2013 వేసవి మొదలు. ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలోని ఒక కౌంటీ మ్యూజియంలో పేపర్ కన్సర్వేటర్‌గా నాకు అది నాలుగో ఏడు. పాత కాగితాలకు వైద్యం చేస్తానని చెబితే మిల్టన్ కీన్స్‌లో మా తెలుగువాళ్లు "అంటే లామినేషన్ చేస్తారా?" అని అడిగేవారు. అవుననేసేదాన్ని. వివరించడం మొదలుపెడితే చేతిలో బిర్యానీ చల్లారిపోతుంది.

మా పనిలో మొదటి మెట్టు కండిషన్ రిపోర్ట్. బల్ల మీదికి ఏ కాగితం వచ్చినా దానికి ఎక్కడ చిరుగుంది, ఎక్కడ మడత పడింది, ఎక్కడ మరకుంది అన్నది రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఆ వస్తువు జోలికి వచ్చేవాళ్లంతా కాగితాన్ని కాదు, ఆ రిపోర్టునే నమ్ముతారు. పాత కాగితాల మీద చల్లినట్టుండే గోధుమరంగు చుక్కల్ని ఫాక్సింగ్ అంటాం. తేమకీ, కాగితం తయారీలో మిగిలిపోయిన ఇనుపరజనుకీ పుట్టే జబ్బు అది. ఆ చుక్కల్ని తగ్గించే మందులు మా దగ్గర ఉన్నాయి. తీసేశాక మళ్లీ పెట్టే మందు మాత్రం లేదు.

ఆ ఏడాది మా మ్యూజియం ఒక ఎగ్జిబిషన్ తలపెట్టింది. మా కౌంటీ నుంచి మారిషస్ దీవికి వెళ్లి చెరకు తోటలు వేసిన ఒక ఇంగ్లీషు కుటుంబం కథ. వలస పాలన రోజుల్లో వాళ్లు అక్కడ కొత్త సమాజాన్ని ఎలా నిర్మించారో చూపించాలని. ఇంటి యజమానురాలు రాసిన ఉత్తరాలు, ఆవిడ పియానో, ఆవిడ వేసిన నీటిరంగుల బొమ్మ ఒకటి. వరండా మెట్ల మీద ఇద్దరు పిల్లలు, వాళ్ల కాళ్ల దగ్గర కుక్క, వెనక చీరకట్టుతో ఒక ఆయా. బొమ్మ వెనక పెన్సిలుతో పిల్లల పేర్లున్నాయి. కుక్క పేరుంది. ఆయా పేరు లేదు. కేటలాగులో "అజ్ఞాత ఆయా" అని ఉంది. అది చదివి నేనేమీ అనుకోలేదు. కాగితం పొడవు వెడల్పులు కొలుచుకున్నాను.

ఉత్తరాల్లో ఒకచోట ఆ దొరసాని వాపోతుంది. పిల్లలు సూప్ ముట్టడం లేదట. చింతపండు పులుసు కలిపిన అన్నం చేత్తో తింటామని మారాం చేస్తున్నారట. అంకెలు కూడా ఆయా భాషలోనే లెక్కపెడుతున్నారట. ఎగ్జిబిషన్‌ని కూర్చే మా క్యూరేటర్ హెలెన్ దాన్ని గోడ మీద "సరదా సంగతి" అన్న శీర్షిక కింద పెట్టింది. ఆ ఇంటికి తిండినీ మాటనూ నేర్పిన మనిషి సరదా సంగతి అయింది. పియానోకి మాత్రం గది మధ్యలో గాజు పెట్టె.

ప్రారంభానికి మూడు వారాల ముందు నార్తాంప్టన్ నుంచి లీలా అనే ఆవిడ అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చారు. వయసు చూసి ఆంటీ అన్నాను. అక్కడి హాస్పిటల్లో వార్డ్ సిస్టర్. పుట్టింది మారిషస్‌లో. వాళ్ల పూర్వీకులు మన ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడలో చెరకు తోటల కూలికి వెళ్లినవాళ్లు. నాతో మాట్లాడింది ఇంగ్లీషులోనే. చేతిలో మా ఎగ్జిబిషన్ కరపత్రం, ప్లాస్టిక్ కవర్లో ఒక నకలు కాగితం. మారిషస్‌లో కూలీల పేర్లు రాసుకున్న పాత రిజిస్టర్లోని పేజీ అది.

"మా అమ్మకు ఎనభై ఎనిమిదేళ్లు. గుండె బాగా లేదు. వాళ్ల ముత్తమ్మమ్మ ఈ దొర తోటలో, ఈ ఇంట్లోనే పనిచేసింది. పేరు అప్పలమ్మ. ఈ బొమ్మలో ఉన్నది ఆవిడేనేమో అని మా ఆశ. కానీ ఈ కరపత్రంలో ఆవిడ చెయ్యి నున్నగా ఉంది. అసలు బొమ్మ ఒకసారి చూడొచ్చా?" అన్నారు.

చెయ్యి నున్నగా ఉంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆంటీ కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. ఎడమ ముంజేతి దగ్గర వేలు గాలిలోనే ఆపి, "ఇవేంటి?" అన్నారు.

"ఫాక్సింగ్ ఆంటీ. కాగితం మీద మరకలు. సోమవారం వాటికి ట్రీట్‌మెంట్ ఉంది. తగ్గిపోతాయి."

"మరకలు ఇలా వరసగా పడతాయా?"

నకలు కాగితం నా ముందుకు జరిపారు. అప్పలమ్మ పేరు, తండ్రి పేరు, వయసు, ఏ దొర దగ్గర పనికి వెళ్లిందీ. చివరన మనిషిని గుర్తుపట్టేందుకు ఒంటి మీది గుర్తులు రాసే గడి. మనుషులు పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న గడి అది. అందులో ఉంది: ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు, తేలు, దాని కింద ఐదు చుక్కలు.

మళ్లీ బొమ్మ చూశాను. నేను "అలుక్కుపోయిన మరక ఒకటి, చిన్న చుక్కలు ఐదు" అని రాసి సంతకం పెట్టిన చోటే తేలు ఉంది.

నాది విజయనగరం పక్క ఊరు. మా నాయనమ్మ చేతి మీద ఇదే తేలు ఉండేది. ఆ చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోయినదాన్ని. ఇక్కడ నాలుగేళ్ల ఉద్యోగం, రెండేళ్ల మాస్టర్స్ చదువు కలిసి నా కళ్లకు ఎలాంటి శిక్షణ ఇచ్చాయంటే, మన ఆడదాని ఒంటి మీద పచ్చబొట్టు కనిపిస్తే అది కాగితానికి పట్టిన జబ్బు అని రాశాను. నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ బొమ్మ వేసిన దొరసాని, ఆయా పేరు రాయకపోయినా, ఆ తేలును చూసింది. చూసి ఓపిగ్గా వేసింది. చెరిపేయడానికి తేదీ ఖాయం చేసింది నేను.

బొమ్మను మైక్రోస్కోపు కింద పెట్టాను. ఈ పని మొదటిరోజే చెయ్యాల్సింది. తొందరలో మామూలు లైటు కింద చూసి సరిపెట్టేశాను. ఫాక్సింగ్ చుక్క కాగితం పోగుల్లోపల ఉంటుంది, దానికి అంచు ఉండదు, తరచు వెనకవైపుకి కూడా దిగుతుంది. ఈ ఐదు చుక్కలకీ అంచులున్నాయి. కంటికి మాసి గోధుమరంగుగా కనిపించినా, పోగుల మీద నీలిపచ్చ రంగు తేలి ఉంది. కుంచెతో పెట్టిన చుక్కలు. ఆంటీని కూడా చూడమన్నాను. ఆవిడ చూసి, కళ్లజోడు తీసి, కుర్చీలో కూర్చుండిపోయారు.

ఆ మధ్యాహ్నమే నా రిపోర్టు తప్పని రాసుకుని హెలెన్ దగ్గరికి వెళ్లాను. కరపత్రంలో చెయ్యి నున్నగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. డిజైనర్ నా రిపోర్టు చూసి, మరకలన్న చోటల్లా కంప్యూటర్‌లో తుడిచేశాడు. ఈ బొమ్మనే పెద్దది చేసి గోడకు ఎక్కించబోయే ఆరడుగుల ప్యానెల్ మీద కూడా అంతే. అది అప్పటికే ప్రింటయి వచ్చేసింది.

"ఆసక్తికరమైన విషయమే," అంది హెలెన్. "కానీ పేరు పెట్టాలంటే గట్టి ఆధారం కావాలి. ఆ తోటలో ఎంతమంది ఆడవాళ్లు ఉండేవారో. తేలు పచ్చబొట్టు ఇంకొకరికి ఉండకూడదా?"

"పిల్లల పేర్లకి ఏం ఆధారం ఉంది?"

"వెనక రాసి ఉంది కదా."

"ఎవరు రాశారు?"

ఎవరిదో తెలియని పెన్సిలు రాత కుక్క పేరుకి సరిపోయింది. తోట పేరు, పని చేసిన ఇల్లు, ఒంటి మీది గుర్తు మూడూ కలిసినా అప్పలమ్మకి చాలలేదు. ఆ మాట గొంతు పెంచే అన్నాను. ఆఫీసులో తలలు ఇటు తిరిగాయి. చివరికి హెలెన్ "బహుశా అప్పలమ్మ" అని లేబుల్ మారుస్తానంది. ప్యానెల్ మాత్రం ఉన్నదే ఉంటుందంది. సోమవారం ట్రీట్‌మెంట్ నేనే రద్దు చేశాను.

ప్రారంభం రోజు లీలా ఆంటీ వాళ్లమ్మను వీల్‌చైర్‌లో తీసుకొచ్చారు. తెల్ల కార్డిగన్, నుదుట పెద్ద బొట్టు. పేరు సీతమ్మ. ఆవిడది ఇంట్లో క్రియోల్, ఫ్రెంచి కలిసిన మారిషస్ మాట. తెలుగు అక్కడక్కడ మిగిలింది, అదీ నూటయాభై ఏళ్ల కిందట ఓడెక్కిన యాసతో. నేను నమస్కారం పెట్టి మా ఊరి పేరు చెబితే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ప్యానెల్ ముందు కుర్చీ ఆపాం. ఆవిడ ఆ ఆరడుగుల బొమ్మను పైనుంచి కిందికి చూశారు. ముంజేతి దగ్గర ఆగారు.

"ఏదమ్మా? తేలేదీ?" అని నన్నే అడిగారు.

ఏం చెప్పను? నేనే తీయించానని చెప్పాను. చిన్న గొంతుతో, తెలుగులోనే చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. కార్డిగన్ చెయ్యి మోచేతి దాకా పైకి మడిచారు. ముడతల మధ్య పచ్చగా అదే తేలు. కింద ఐదు చుక్కలు. వాళ్లింట్లో తల్లి చేతిది చూసి కూతురికి వేయించడం ఆనవాయితీ అని ఆంటీ తర్వాత చెప్పారు. సీతమ్మ గారు ఆ చేతిని చాచి, ప్యానెల్ మీది నున్నటి చేతి పక్కన ఆనించారు. అప్పుడే వచ్చి నిలబడ్డ హెలెన్ వైపు తిరిగి అన్నారు:

"ఇదిగో. దీన్ని సూసి ఎయ్యండి."

హెలెన్‌కి తెలుగు రాదు. నేను తర్జుమా చేశాను. గదిలో వైన్ గ్లాసులు పట్టుకున్నవాళ్లు దగ్గరికి వచ్చారు. హెలెన్ ముఖం ఎర్రబడింది. మెల్లగా, ఈ చేతికి ఒక ఫొటో తీసుకోవచ్చా, ప్యానెల్ పక్కన పెడతాం అని అడిగింది.

లీలా ఆంటీ తల్లి చేతి మీద తన చెయ్యి వేసి కప్పేశారు. "ముందు పేరు రాయండి. ఫొటో సంగతి తర్వాత."

హెలెన్ జేబులోంచి పెన్ను తీసింది. లేబుల్ మీద "బహుశా" అన్న మాటను అందరి ముందూ అడ్డంగా కొట్టేసింది. పది రోజులకి తేలున్న కొత్త ప్యానెల్ వచ్చింది. దాని కింద మొదటి పేరు అప్పలమ్మది, తర్వాత పిల్లలవి. కుక్కది చివర.

ఆ కేసు నాకు నేర్పింది మైక్రోస్కోపు వాడకం కాదు, అది ముందే వచ్చు. మరక అన్న మాట రాయడానికి ముందు, అది ఎవరిదో కనుక్కోవాలని నేర్పింది. ఫైల్లో నా పాత రిపోర్టు తీసేసి కొత్తది పెట్టుకోమని ఆఫీసు చెప్పింది. వద్దన్నాను. ఇప్పటికీ ఆ ఫైలు తెరిస్తే మొదటి పేజీలో "ఎడమ ముంజేతి మీద మరకలు, తొలగించవచ్చు" అని ఉంటుంది. దాని మీద అడ్డగీత, కింద "పచ్చబొట్టు, ముట్టుకోవద్దు" అని ఉంటుంది. రెండు చోట్లా సంతకం నాదే.