కొసరు లేని అంగడి

నా చిన్నప్పుడు కర్నూల్లో మా తాతయ్య అంగడికి ఇంగ్లీషులో 'ప్రొవిజన్ స్టోర్' అని బోర్డు ఉండేది. యుద్ధం వచ్చి తిండిగింజలకు కార్డులు పెట్టాక దాన్ని దించి 'రేషన్ డిపో' అని కొత్త బోర్డు కట్టారు. రెండింటికీ తేడా ఏమిటని అడిగాను.

"స్టోర్లో కొసరు ఉంటాదమ్మా, డిపోలో ఉండదు" అన్నాడు తాతయ్య.

అంతకుముందు ఆయన ఎవరికి కొలిచినా చివర్లో ఒక పిడికెడు పైన వేసేవాడు. ఇప్పుడు కొలతకు మించి గింజ పోకూడదు. కార్డు లేనివాళ్లకు అసలే పోకూడదు. బడిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చిన పిల్లను, ఈ తేడా కూడా తెలిసేసరికి నాకు నేల మీద కాళ్లు నిలవలేదు.

ఒక మధ్యాహ్నం తాతయ్య లోపల భోంచేస్తుంటే, నేతవాళ్ల వీధి నుంచి ఒకామె పసిబిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఎప్పుడూ మా దగ్గరే జొన్నలు కొనే మనిషి. కార్డులు రాసుకున్న రోజుల్లో పురిటికి పుట్టింట్లో ఉండటంతో ఆమెకు కార్డు రాలేదు.

"పొయ్యి ముట్టిచ్చి రెండు దినాలాయ పాపా. తాతను పిలువు" అంది.

"ఇది స్టోర్ కాదు, డిపో. కార్డు లేకుంటే ఇయ్యరు" అన్నాను. తాతయ్యను పిలవలేదు. ఆమె కాసేపు ఆ బోర్డు వైపు చూసి వెళ్లిపోయింది.

సాయంత్రం నా తెలివిని నేనే తాతయ్యకు చెప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. ముఖం మాత్రం నల్లబడింది.

"అంగట్లోవి ఇయ్యకూడదు, నిజమే. మనింట్లో ఉండాయి కదమ్మా" అన్నాడు.

వంటింటి కుండలోని జొన్నలు సంచిలో పోసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి నడిచాడు. తలుపుకు తాళం ఉంది.

"బిడ్డనెత్తుకోని డోన్ రైలెక్కిపాయ. యాడికో చెప్పలేదప్పా" అంది పక్కింటి ముసలామె.

తాతయ్య ఆ సంచి ముసలామెకే ఇచ్చేశాడు. ఆ తర్వాత డోన్ నుంచి ఎవరొచ్చినా ఆ తల్లీబిడ్డల గురించి అడిగేవాడు. తాను చనిపోయేదాకా అడిగాడు. జాడ తెలియలేదు.

ఇప్పటికీ బియ్యం కొలిచినప్పుడల్లా చివర్లో ఒక పిడికెడు పైన వేస్తాను. "ఉండేది నలుగురం, ఎవరికి అత్తా ఇది?" అని కోడలు విసుక్కుంటుంది.

"ఎవరన్నా వస్తారేమోలేమ్మా" అంటాను.