నూరు వాట్ల బల్బుకు నేను కట్టిన లెక్క

ఆ రోజుల్లో, అంటే ప్రతి ఇంట్లోనూ గుండ్రటి గాజుబల్బు పసుపు వెలుగు చిమ్ముతూ వేలాడే రోజుల్లో, ఓమ్ నియమం నోటికి వచ్చినవాడికి మా బంధువుల్లో దక్కే మర్యాద ఇంతా అంతా కాదు. ఫ్యాను తిరగకపోయినా, రేడియో గరగరమన్నా "ఇంజనీరును పిలువుండ్రి" అనేవాళ్లు. ఆ ఇంజనీరు నేనే. (అప్పటికి ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాను. ఇంజనీరింగులో సీటు మాట అటుంచి, ప్రవేశ పరీక్షే ఇంకా రాయలేదు. ఆ చిన్న వివరం మా వాళ్లకు అడ్డు రాలేదు, నాకైతే అసలే రాలేదు.) వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, రెండింటినీ గుణిస్తే పవర్. ఈ రెండు ముక్కలతో లోకంలోని యంత్రాలన్నిటినీ లొంగదీయవచ్చని నా గట్టి నమ్మకం. దానికి తోడు మా మామయ్య వోల్టేజీ, నిరోధం కొలిచే మల్టీమీటరు ఒకటి కొనిపెట్టాడు. అది జేబులో లేకుండా నేను పాలప్యాకెట్టుకు కూడా వెళ్లేవాణ్ణి కాదు.

సరిగ్గా అప్పుడే మా చిన్నాయన వరంగల్ బజారులో చీరల దుకాణం పెట్టాడు. ఏళ్ల తరబడి ఇంకొకరి గద్దె మీద కూర్చుని చీరలు మడతపెట్టిన మనిషి, సొంత బోర్డు కింద నిలబడే రోజు కోసం కలలు కన్నాడు. దుకాణం సన్నగా, లోతుగా ఉంటుంది. పగటి వెలుతురు గడప దాటి లోపలికి రాదు. అందుకని నూరు వాట్ల బల్బులు పన్నెండు పెట్టించాడు. ప్రారంభం రోజు పొద్దున్నే వెళ్లిన నేను ఊరికే ఉండలేక ఒక బల్బు విప్పి మీటరు పెట్టాను. నిరోధం నలభై ఓములు చూపించింది. రెండు వందల ముప్పై వోల్టులను నలభైతో భాగించాను. దాదాపు ఆరు ఆంపియర్లు! దాన్ని మళ్లీ వోల్టులతో గుణిస్తే పదమూడు వందల వాట్లు దాటింది. అదీ ఒక్క బల్బుకు! అలాంటివి పన్నెండు! చుట్టూ చూస్తే గోడల నిండా పట్టు, నూలు.

"చిన్నాయనా, లైట్లు ఎయ్యకుండ్రి! దుకాణం అంటుకుంటది!" అని అరిచాను. (ముహూర్తం వేళ ఆ దుకాణంలో నా నోటి నుంచి వచ్చిన తొలి పలుకు అది.) పంతులు మంత్రం మధ్యలో ఆపేశాడు. నేను లెక్కంతా చెప్పాను. మా చిన్నమ్మ బల్బు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని మీద నూరు వాట్లని రాసి ఉన్నది గదరా?"

"కంపెనీ వాళ్లు ఏమన్న రాస్తరు చిన్నమ్మా. మీటరు అబద్ధం చెప్పదు."

"మరి మన ఇంట్ల గూడ ఇసొంటిదే ఉన్నది. ఇన్నేండ్లు ఇల్లెందుకు కాలలే?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచాలన్న తెలివి నాకు అప్పటికే ఉంది. "రిస్కెందుకు చిన్నమ్మా!" అన్నాను గట్టిగా. చిన్నాయన ఆమెను వారించాడు. "సదువుకుంటున్న పోరడు చెప్తాండు, జర ఇను." పదకొండు బల్బులు విప్పించి ఒక్కటే ఉంచాడు.

ఇక చూడాలి ఆ వ్యాపారం! వచ్చినవాళ్లు చీర పట్టుకుని రంగు చూడ్డానికి వీధిలోకి వెళ్లేవారు. వాళ్ల వెనకాలే చిన్నాయన పరుగెత్తేవాడు. సుబేదారి నుంచి వచ్చిన రెండు కుటుంబాలు గడప దగ్గరే తొంగిచూసి "మళ్లొస్తం" అని వెళ్లిపోయాయి. పరకాల నుంచి వచ్చిన మా పెద్దమ్మ మాత్రం, మరిది బోణీ తన చేతుల మీదుగానే జరగాలని పట్టుబట్టి, ఆ మసకలోనే తడిమి చూసి ఒక నీలం చీర తీసుకుంది. చిన్నాయన నవ్వుతూనే ఉన్నాడు గానీ ఆయన కళ్లు మాటిమాటికీ ఖాళీ హోల్డర్ల వైపు పోతున్నాయి. అది చూడలేక నేను వీధి వైపు తిరిగాను.

అప్పుడు వచ్చారు మా ఫిజిక్స్ సారు, భార్యతో సహా. పిలిచింది నేనే. "ఏందిరా, కరెంటు పోయిందా?" అన్నారు. నేను లెక్క ఒప్పజెప్పాను. ఆయన నవ్వకుండా చివరిదాకా విన్నారు.

"భాగారం, గుణకారం అంతా కరెక్టే. కొలిచినప్పుడు బల్బు ఎలుగుతాందా?"

"లేదు సార్, చేతిల ఉండె."

"చల్లటి తీగను కొలిచి, మండే తీగకు లెక్క కట్టినవ్. బల్బు ఎలిగితే లోపలి తీగ వేడెక్కి నిరోధం పన్నెండు పదమూడు రెట్లు పెరుగుతది. ఎలుగుతున్నప్పుడు వోల్టేజీ ఎంత, కరెంటు ఎంత, అది చూడాలె. బల్బులన్నీ పెట్టు."

ప్రసాదం కోసం వచ్చిన ఎలక్ట్రీషియన్ దగ్గర టాంగ్ టెస్టరు ఉంది. పట్టకారులా తీగ చుట్టూ పెడితే కరెంటు ఎంత పోతోందో చెప్పే పరికరం అది. పన్నెండు బల్బులూ బిగించాం. చిన్నాయన స్విచ్ దాకా వెళ్లి, నా వైపు చూశాడు. నేనే కళ్లు మూసుకుని నొక్కాను. ఏదీ అంటుకోలేదు. టెస్టరులో ఐదు ఆంపియర్ల చిల్లర కనిపించింది.

"అందరు ఇనేటట్టు చెప్పు," అన్నారు సారు.

"మొత్తం పన్నెండు వందల వాట్లు సార్."

"ఒక్కోదానికి?"

"నూరు." ఆ మాట నాకే సరిగ్గా వినపడలేదు.

"కంపెనీ వాళ్లు నిజమే రాసిండ్రు, పాపం," అంది చిన్నమ్మ.

అంతలో పెద్దమ్మ కేక పెట్టింది. "ఓయమ్మో, నీలమనుకుంటి, ఇది ఆకుపచ్చది!" చిన్నాయన కంగారుగా వేరే చీరలు తీయబోతే ఆమె చీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంది. "ఉండనియ్యి, ఎలుగుల ఇదే మంచిగున్నది." అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులు విని వీధిలో పోయేవాళ్లు ఆగి లోపలికి వచ్చారు. సాయంత్రానికి చిన్నాయనకు మాట్లాడే తీరిక లేదు. అంత సందడిలోనూ నా దగ్గరికి వచ్చి వీపు తట్టి, "ఫికర్ చేయకు. మా మంచికే చెప్పినవ్ గదరా," అన్నాడు.

ఇప్పుడు నేను నిజంగానే ఇంజనీరును. నా లెక్కల్ని నా పైవాళ్లు చూస్తారు, కిందివాళ్లు చూస్తారు, ఈ మధ్య కంప్యూటరు కూడా చూస్తోంది. అదే సరైన పద్ధతి. అయినా ఒక్కోసారి, పదమూడు వందల వాట్లని గొంతెత్తి చెప్పిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. లెక్క సరిచూడకుండానే వాడి మాట నమ్మి, ఏళ్లుగా ఎదురుచూసిన రోజున ఒక మనిషి తన దుకాణాన్ని చీకటి చేసుకున్నాడు. వాడంటే నాకు ఇప్పటికీ కాస్త అసూయ.