లోడు మేస్త్రీ కోడలు

మా వదిన కుట్టుమిషన్ ఇంటికి వచ్చిన రోజున ఎక్కడ పెట్టారో, ఇల్లు మారే రోజు దాకా అక్కడే ఉంది. మాది రైలు పెట్టెలాంటి ఇల్లు. వీధి వైపు హాలు, హాలు దాటితే నడిమి గది, దాని పక్కన వంటిల్లు, అన్నిటికన్నా చివర ఇంకో గది. ఆ చివరి గదిలో మిషన్. కిటికీ ఉందన్న మాటే గానీ, తెరిస్తే పక్కింటి గోడ చేతికి తగిలేది. మిట్టమధ్యాహ్నం కూడా బల్బు వేసుకుని కుట్టేది వదిన. ఎండ ఎలా ఉందని ఆవిడను అడిగితే, వచ్చిపోయేవాళ్ళ చెమట చూసి చెప్పేది.

నేను ఆ పక్క వీధిలోనే ఉంటాను. పుట్టింటికి ఇంత దగ్గరగా కాపురం పెట్టడం మా ఆయనకు నచ్చదు. వదినకు మాత్రం భలే నచ్చింది, ఎందుకంటే సాయంత్రాలు వెళ్ళి బొత్తాలూ హుక్కులూ కుట్టిపెట్టేదాన్ని. ఆడపడుచుకు పని చెప్పి కూర్చోబెట్టిన కోడలు మా వంశంలో ఆవిడే మొదటిది.

ఇంటి ఓనరు ఇల్లు పడగొట్టి కట్టుకుంటానన్నాడు. కొత్త ఇల్లు వెతికింది వదినే. కాళ్ళరిగేలా తిరిగి, చివరికి ఒకటి పట్టుకుంది. ఆ ఇంట్లో వీధి వైపు చిన్న గది, దానికి విడిగా తలుపు. జనం ఇల్లంతా దాటుకుని రానక్కర్లేదు, నేరుగా వచ్చి కొలతలిచ్చి పోవచ్చు. కిటికీలోంచి సాయంత్రం దాకా వెలుతురు. ఇల్లు చూసి వచ్చిన రోజున ఆవిడ బోర్డు మీద ఏ రంగు అక్షరాలు బాగుంటాయో నన్ను అడిగింది. అంత ఆశ ఆ మనిషి ముఖంలో నేను ముందెప్పుడూ చూడలేదు.

ఇక సామాను సర్దడం. అది మా నాన్న పని అని ఎవరూ అనలేదు, ఆయనే తీసుకున్నాడు. నాన్న జీవితమంతా గోడౌన్లలో లారీలకు సరుకు ఎక్కించే జట్టుకు మేస్త్రీ. బజార్లో అందరికీ లోడు మేస్త్రీగానే తెలుసు. ఆయన కట్టించిన లోడు దారిలో జారిందన్న మాట లేదు. అమ్మ పోయి, పని మానేశాక, హాలు కిటికీ దగ్గర మడత మంచం వేసుకుని వీధిలో పోయే బండ్లను చూస్తూ, లోడు కట్టినవాళ్ళను తిడుతూ కాలం గడిపేవాడు. ఇల్లు మారాలనగానే ఆయనకు పదేళ్ళ వయసు తగ్గింది. కొత్త ఇంటికి రంగులు వెయ్యడం కూడా మొదలుకాకముందే పెట్టెలు తెచ్చిపడేశాడు.

ఇంటిని ఆయన లారీ అనుకున్నాడు. తప్పంతా అక్కడే. లారీలో బరువులు ముందు ఎక్కించి, లోపలి గోడకు ఆనించి, తేలిక సరుకు తలుపు వైపు పెడతారు. నాన్న కూడా బీరువా, ఇనప ట్రంకు, పందిరి మంచం విప్పిన పట్టెలు, అన్నీ చివరి గదిలోకి తోయించాడు. బీరువా సరిగ్గా వదిన కిటికీకి అడ్డంగా నిలిచింది. తర్వాత నడిమి గదిలో గిన్నెల పెట్టెలు, బట్టల మూటలు కప్పు దాకా. హాల్లో దిండ్లు, చేటలు, బకెట్లు. మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు.

వదిన మొదటి రోజే అడిగింది.

"మామయ్యా, లారీ వచ్చాక ముందు ఎక్కాల్సినవి బరువులే కదా. అవి అన్నిటికన్నా వెనకుంటే ఎలా తీస్తాం?"

"నువ్వు బట్టలు కుట్టమ్మా. లోడు సంగతి నాకొదిలెయ్. ఎన్ని లారీలు కట్టించాను నేను."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఆయన. అన్నయ్యకూ విషయం అర్థమైంది, నేను ఆయన ముఖంలో చూశాను. కానీ నాన్న ముందు మా అన్నయ్యకు నోట్లో నాలుక ఉండదు. కరెంటు పనికి వెళ్ళి స్తంభాలైనా ఎక్కుతాడు గానీ, తండ్రికి ఎదురు చెప్పమంటే మాత్రం దిగిపోతాడు.

వారంలో పూర్తవుతాయన్న రంగులు పూర్తి కాలేదు. గోడల్లో చెమ్మ ఉందన్నారు, మళ్ళీ గీకుతున్నామన్నారు. ఇంట్లోవాళ్ళు పెట్టెల మధ్యే ఉండిపోయారు. విప్పుదామంటే నాన్న ఒప్పుకోడు, రేపో మాపో కదలాలి కదా అంటాడు. ఏ పెట్టెలో ఏముందో దాని మీద రాయలేదు, అంతా ఆయన బుర్రలోనే ఉంది. ఉప్పు డబ్బా కావాలంటే ఆయనను నిద్ర లేపాలి. వదిన పెద్ద కత్తెర ఏ మూటలోకి పోయిందో ఆయనకూ గుర్తు లేదు. చిన్న కత్తెరతో స్కూలు యూనిఫాం గుడ్డ కత్తిరించి ఆవిడ బొటనవేలు కమిలిపోయింది.

ఆ సందులోంచి లోపలికి వెళ్ళడం ఓ సర్కసు. కొంచెం ఒళ్ళు చేసిన ఆడవాళ్ళు వీధి గడప దగ్గరే ఆగిపోయేవారు. వదిన పక్కకు తిరిగి నడుచుకుంటూ బయటికి వచ్చి, అందరూ చూస్తుండగా కొలతలు తీసుకుని, మళ్ళీ పక్కకు తిరిగి లోపలికి వెళ్ళేది. నలుగురిలో నడుము కొలత చెప్పించుకోవడం ఎవరికి ఇష్టం? జాకెట్ల వాళ్ళు ఒక్కొక్కరే వేరే చోటు చూసుకున్నారు. మిగిలింది యూనిఫాంల పనే. ఒకే రంగు, ఒకే కొలత, ఒకే కాలరు.

నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంటే నాకే ఊపిరాడేది కాదు. వెనక బీరువా, ముందు మూటలు, నెత్తి మీద బల్బు.

"ఎలా ఉంటున్నావు వదినా ఇందులో?" అన్నాను.

"నన్ను కూడా సర్దేశారనుకుంటున్నా. లారీ వస్తే దించుతారు," అంది నవ్వుతూ.

ఆ నవ్వు కూడా ఒక సాయంత్రంతో పోయింది. హాల్లో నాన్న, అన్నయ్య భోజనం చేస్తున్నారు. మేమిద్దరం చివరి గదిలో బొత్తాలు కుడుతున్నాం. పెట్టెల గోడ ఉంటే వినపడదనుకున్నారో ఏమో, నాన్న గొంతు తగ్గించకుండానే అన్నాడు.

"ఆ ఇంట్లో వీధి గదిలో నా మంచం వేద్దాం రా. కిటికీ బాగా కిందకి ఉంది. పడుకునే రోడ్డు చూడొచ్చు."

"అలాగే నాన్నా," అన్నాడు అన్నయ్య.

అంతే. పెరుగు వడ్డించుకున్నంత తేలికగా గది ఇచ్చేశాడు.

వదిన కాలు మిషన్ మీద ఆగిపోయింది. వెళ్ళి ఇప్పుడే చెప్పమన్నాను నేను.

"ఏమని చెప్పను? ఈ సందులోంచి అక్కడికి వెళ్ళేసరికి నా కోపం సగం అయిపోతుంది. మిగతా సగం మామయ్య ముఖం చూస్తే పోతుంది," అంది. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. ఆ కాలరు వంకరగా వస్తే విప్పి మళ్ళీ కుట్టింది.

తర్వాత అన్నయ్యను అడిగిందట. "ముందు మారనీ, తర్వాత చూద్దాంలే," అన్నాడట. ఆయనకు అన్నిటికీ అదే మందు. పాపం, అడకత్తెరలో పోకచెక్క అనుకుందామంటే, ఆ పోకచెక్క నలిగిందీ లేదు, కదిలిందీ లేదు.

నాకు మనసాగలేదు. మర్నాడు నాన్న దగ్గర కూర్చున్నాను. ఆయన సర్దిన బకెట్లే ఆయన కిటికీని కూడా సగం మూసేశాయి. మెడ చాచి వీధిలోకి చూస్తున్నాడు.

"నాన్నా, ఆ గది వదిన మిషన్ కోసం తీసుకున్నాం కదా."

"మిషన్ ఎక్కడ పెట్టినా కుడుతుంది. నేను రోజంతా గోడ చూస్తూ పడుకోలేనమ్మా."

"వదిన ఇన్నేళ్ళూ గోడ చూస్తూనే కుట్టింది కదా."

"ఆమె గోడెందుకు చూస్తుంది? బట్ట చూస్తుంది."

నాన్న చెడ్డవాడు కాదు. ఆ మాట అంటున్నప్పుడు నిజంగా అలాగే నమ్మాడు. నాకు కోపం వచ్చింది, జాలీ వచ్చింది. ఇంటికి వచ్చి మా ఆయన మీద అరిచాను.

చివరికి కొత్త ఇంటి గోడలు ఆరాయి. లారీ వచ్చింది. హమాలీల పెద్ద లోపలికి తొంగి చూసి, "బరువులు ముందివ్వండి," అన్నాడు. నాన్న చేత్తో చివరి గది వైపు చూపించాడు. ఆ పెద్దమనిషి పెట్టెల కొండను చూశాడు, నాన్నను చూశాడు, తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

ఇక చూడాలి. చేటలు, దిండ్లు, గిన్నెలు, బట్టల మూటలు అన్నీ రోడ్డు మీదికి వచ్చాయి. మా ఇంటి గుట్టంతా వీధిన పడింది. పోయేవాళ్ళలో ఒకాయన ఆగి, "ఏంటి మేస్త్రీ, అమ్మేస్తున్నారా?" అని అడిగాడు. నాన్న హమాలీలను తిట్టాడు, అన్నయ్యను తిట్టాడు, పెట్టెలు చేసినవాడిని తిట్టాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తన లోడు తప్పిందని ఆయనకు తెలిసిపోయింది. అది చూడడం నాకు బాగా లేదు.

దారి ఖాళీ అయ్యాక అందరూ చివరి గది గుమ్మం దగ్గరికి చేరారు. బీరువా తియ్యాలంటే దాని ముందున్న మిషన్ కదలాలి. మిషన్ ముందు వదిన కూర్చుని కుడుతోంది.

"లే అమ్మా, బీరువా తియ్యాలి," అన్నాడు నాన్న.

వదిన కాలు ఆపింది. దారం తెంపింది. లేవలేదు.

"మామయ్యా, ఆ ఇంట్లో వీధి గదిలో ఏం పెడుతున్నాం?"

"ఇప్పుడా ఆ మాట?"

"ఇప్పుడే. మీరందరూ ఈ గదిలోకి వచ్చింది ఈ రోజే."

"ముందు మారనీ, తర్వాత..." అన్నాడు అన్నయ్య.

"మారాక ఆ గదిలో మంచం ఉంటుంది, మంచం మీద మామయ్య ఉంటారు. పెద్దాయన్ని లేపి మంచం లాగేసిన కోడలని నలుగురూ నన్నంటారు. అందుకే మిషన్ ఎక్కడికి వెళ్తుందో తేలాకే లేస్తాను."

గొంతు పెంచలేదు. ఒడిలోని గుడ్డ మడత పెట్టుకుంది.

"అమ్మా, మాకు ఇంకో లోడుంది," అన్నాడు హమాలీల పెద్ద.

"కాసేపు కూర్చోండన్నా. ఇది నా లోడు."

నాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత, నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో అన్నాడు.

"వీధి చూడకుండా నేనెలా ఉండాలమ్మా?"

"ఇన్నేళ్ళూ నేనున్నాను కదా మామయ్యా."

ఎత్తిపొడుపుగా అని ఉంటే నాన్న మాటకు మాట అనేవాడు. ఆవిడ మామూలుగా అంది. నాన్న ఆ గదిని చూశాడు. బల్బును చూశాడు, బీరువా వెనక ఉన్న కిటికీ వైపు చూశాడు. ఇల్లు మారే రోజున ఆయన ఆ గదిని మొదటిసారి చూసినట్టనిపించింది నాకు.

"తీసుకో. నీ గది నువ్వే తీసుకో. ఆ గదిలో నేను అడుగు పెడితే ఒట్టు," అని వీధిలోకి వెళ్ళిపోయాడు.

వదిన లేచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. మిషన్ తల విప్పి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు పొట్టకు ఆనించుకుని, తనే మోసుకుంటూ లారీ దాకా నడిచింది. మామూలుగా ముందుకు తిరిగి నడిచింది.

ఇప్పుడు ఆ ఇంట్లో వదిన వీధి గదిలో కుడుతోంది. బోర్డు ఆకుపచ్చ అక్షరాలతో వేయించింది. జాకెట్ల వాళ్ళు తిరిగి వచ్చారు. నాన్న మంచం గోడకు అవతల, లోపలి గదిలో. ఆయన ఒట్టు ఒట్టే. తలుపు తీసే ఉంటుంది, ఆయన గడప దాటడు. కుర్చీ వేసి పిలిచింది వదిన, నేనూ బతిమాలాను. పౌరుషానికి మందు లేదు.

మొదట్లో మాట్లాడలేదట. ఒక రోజు వీధిలో చప్పుడు వినపడి గోడ అవతల నుంచి అడిగాడు, "అమ్మాయ్, అదేం బండి?"

"లారీ మామయ్యా."

"లారీ అని నాకూ తెలుసు. ఏం లోడు? తాడు ఎలా కట్టారు?"

వదిన లేచి, వాకిలి దాకా వెళ్ళి, చూసి వచ్చి చెప్పింది. ఆ రోజు నుంచి ఇదే వరస. కత్తెర పట్టుకుంటే ఒక బండి, సూదిలో దారం ఎక్కిస్తుంటే ఇంకో బండి. గది సంపాదించిందని సంతోషించానా, ఆ గదిలో ఆవిడను కూర్చోనివ్వడం లేదు ఆయన.

"విసుగు రాదా వదినా?" అని మొన్న అడిగాను.

"ఆయన పిలిస్తే విసుగొస్తుంది. పిలవకపోతే ఏడుపొస్తుంది," అంది.

మేమలా మాట్లాడుకుంటుండగానే పెద్ద బండి ఒకటి వీధి అదిరేలా వెళ్ళింది. లోపలి నుంచి పిలుపు రాలేదు. వదిన కాలు తొక్కడం మానేసింది. చెవి గోడ వైపు పెట్టి ఎదురుచూసింది. మంచం కిర్రుమన్న చప్పుడు వచ్చింది గానీ మాట రాలేదు.

"ఇటుకలు మామయ్యా," అని తనే అరిచింది.

కొంచెం సేపటికి జవాబు వచ్చింది.

"అడ్డంగా పేర్చారా, నిలువుగానా?"

వదిన లేచి వాకిట్లోకి వెళ్ళింది. బండి అప్పటికే మలుపు తిరిగిపోయింది. ఖాళీ వీధి చూస్తూ ఒక నిమిషం నిలబడింది.

"నిలువుగా మామయ్యా," అని చెప్పి, వచ్చి మిషన్ ముందు కూర్చుంది.